నాంపల్లి గడప: హైదరాబాదు వారి సముద్రమూ ద్రాక్షతోటా

సముద్రతీరంలోని ఒక మహానగరాన్నీ, దానికి ఒక పూట ప్రయాణంలో ఉన్న ద్రాక్షసీమనూ కలిపి ఒకే సెలవులో చూసి రావడం పడమటి దేశాల్లో ఎప్పుడో స్థిరపడిన యాత్రా సంప్రదాయం. శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లినవారు నాపా లోయకు, కేప్‌టౌన్‌కు వెళ్లినవారు స్టెలెన్‌బాష్‌కు ఒక రోజైనా కేటాయిస్తారు. ఇక్కడ ద్రాక్షసీమ అంటే ద్రాక్ష పండే ప్రాంతం మాత్రమే కాదు. పండిన ద్రాక్షను అక్కడే పిండి, పులియబెట్టి, వైన్‌గా మార్చి, ఆ పని చూడడానికి వచ్చిన వారికి తోటలోనే రుచి చూపించే ఏర్పాటు కూడా ఉన్న ప్రాంతమని అర్థం.

హైదరాబాదు విషయంలో ఈ సంప్రదాయం తిరగబడిన చరిత్ర ఒకటి ఉంది. నగరానికి సముద్రం లేదు. పాత రేవుపట్నమైన బందరే, అంటే మచిలీపట్నమే, సుమారు 340 కిలోమీటర్ల దూరం. ద్రాక్ష మాత్రం ఒకప్పుడు ఊరి చుట్టూ ఉండేది. గోల్కొండ కాలంలో ఉన్నట్టు యాత్రికులు రాశారు, ఆసఫ్‌జాహీల, అంటే నిజాముల, చివరి రోజుల్లో కొత్త రకంతో మళ్లీ విస్తరించింది, ఆ తరువాత ఇళ్ల స్థలాలకు దారి ఇచ్చి తప్పుకుంది. అందుచేత నేటి హైదరాబాదీ సముద్రం కోసమే కాదు, ద్రాక్షతోట కోసం కూడా ఊరు దాటవలసి వస్తున్నది. ఆ దాటే గడప నూరేళ్లకు పైగా నాంపల్లి స్టేషను కావడం వల్లా, ప్రయాణానికి కావలసిన సరంజామా పక్కనే ఉన్న ఆబిడ్స్‌లో దొరకడం వల్లా, ఈ యాత్ర చరిత్ర ఆ రెండు పేటల చరిత్రతో కలిసిపోయింది.

దక్కనుకు ద్రాక్ష ఎప్పుడు వచ్చిందన్న ప్రశ్నకు సాధారణంగా దౌలతాబాదు పేరే జవాబుగా వినిపిస్తుంది. 14వ శతాబ్దిలో, రాజధానిని ఢిల్లీ నుంచి అక్కడికి మార్చిన మహమ్మద్ బిన్ తుగ్లక్ ఏలుబడిలో, ఆ పట్టణాన్ని చూసిన ఇబ్న్ బతూతా, అక్కడ ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండు కాపులు కాస్తాయని రాశాడు. చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది కాబట్టి ఏడాదికి ఒక్క కాపే ఇస్తుంది. దక్కనులో ఆ నిద్ర లేదు. ఉత్తరాఫ్రికా నుంచి వచ్చిన యాత్రికుడికి వింతగా తోచిన ఈ సంగతే, ఆరు వందల ఏళ్ల తరువాత హైదరాబాదు రైతు కత్తిరింపుల లెక్కకు కూడా మూలమైంది.

ద్రాక్షనూ సముద్రాన్నీ ఒకే ప్రయాణంలో కలిపి చూసినవారిలో, ఈ ప్రాంతం వరకు, మొదట చెప్పుకోదగిన వాడు ఫ్రెంచి యాత్రికుడు థెవెనో. 1666, 1667 సంవత్సరాల్లో భారతదేశంలో తిరిగిన ఈయన సూరత్ నుంచి ఔరంగాబాదు మీదుగా గోల్కొండకూ, అక్కడి నుంచి మచిలీపట్నానికీ వెళ్లాడు. గోల్కొండ రాజ్యంలో ద్రాక్షతోటలు విరివిగా ఉన్నాయనీ, పండ్లు జనవరిలోనే పక్వానికి వస్తాయనీ, తోట ఉన్న దిక్కును బట్టి కొన్నిచోట్ల ఏప్రిల్ దాకా కోత సాగుతుందనీ, వాటితో తెల్ల వైన్ తయారు చేస్తారనీ ఆయన నమోదు చేశాడు. అంటే గోల్కొండనేలిన కుతుబ్‌షాహీల చివరి దశలో ద్రాక్షసీమ గోల్కొండ దగ్గరే ఉంది, సముద్రపు రేవు అదే రాజ్యంలో తూర్పుకొసన ఉంది. యాత్రికుడు ఒక దాని నుంచి మరొక దానికి ఒకే సుల్తాను ఏలుబడిలో, సరాయిలు కట్టించిన బాట మీద నడిచిపోయాడు. సరాయి అంటే బాటసారులకూ, వారి పశువులకూ రాత్రి బస దొరికే కట్టడం. హయత్‌నగర్‌లోని సరాయి ఆ బాటకు నేటికీ నిలిచి ఉన్న సాక్ష్యం. మచిలీపట్నాన్ని చూసిన మరొక ఫ్రెంచివాడు, వజ్రాల వ్యాపారి టావెర్నియర్, అది పెద్ద పట్టణమే అయినా ఇళ్లు కొయ్యవేనని రాశాడు. హైదరాబాదు గురించి రాస్తూ ఇతడు ద్రాక్ష మాట కన్నా కల్లు మాటే ఎక్కువగా ఎత్తాడు. కల్లు అమ్మకం మీద సర్కారుకు వచ్చే రాబడి అతనికి బాగా కనిపించింది. వ్యాపారి చూపు అలాగే ఉంటుంది. పైగా అతని అంచనా నిజమే: ఈ నేల మీద ఖజానా నింపినది ఎన్నడూ తాటిచెట్టూ ఈతచెట్టే గాని ద్రాక్షతీగ కాదు.

థెవెనో నడిచిన బాట రాజకీయంగా తెగిపోవడానికి నూరేళ్లు పట్టింది. 1687లో గోల్కొండ మొగలుల వశమైంది. 1766 నవంబరులో, అప్పటికి హైదరాబాదును ఏలుతున్న ఆసఫ్‌జాహీ పాలకుడు నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారులను, అంటే గోదావరి, కృష్ణా ముఖద్వారాలతో సహా తీరాంధ్ర జిల్లాలను, ఈస్టిండియా కంపెనీకి ఒప్పందం ద్వారా వదులుకున్నాడు. గుంటూరు సర్కారు కూడా 1788లో చేయి జారడంతో హైదరాబాదు నలుదిక్కులా భూమే ఉన్న రాజ్యంగా మిగిలిపోయింది. 1802 నాటి వాణిజ్య ఒప్పందంలో మచిలీపట్నం రేవును స్వేచ్ఛగా వాడుకునే హక్కు నిజాముకు కాగితం మీద దక్కింది గాని, అప్పటికే ఆ రేవు ఒండ్రుతో పూడుకుపోతూ మద్రాసు, కలకత్తాల ముందు వెలవెలబోతున్నది. తరువాతి నిజాములకు రేవు కావాలన్న కోరిక తీరకుండానే ఉండిపోయింది. సొంత సముద్రం లేని రాజ్యంలో సముద్రాన్ని చూడడమన్నది, ఆ విధంగా, సరిహద్దు దాటి చేసే ప్రయాణమైంది.

ఈ ప్రయాణానికి గడపగా మారిన నాంపల్లికి ఆ పేరు అబ్దుల్లా కుతుబ్‌షా సేనానుల్లో ఒకడైన రజా కులీబేగ్ బిరుదు మీదుగా వచ్చిందని చెబుతారు. ఆయనకు ‘నేక్‌నామ్ ఖాన్’ అన్న బిరుదు ఉండేది. నేక్‌నామ్ అంటే మంచి పేరు కలవాడు. ఆయన జాగీరు నేక్‌నామ్‌పల్లి అయి, నోళ్లలో నలిగి నాంపల్లి అయిందట. ఆయన 1672లో మరణించాడు, అంటే థెవెనోకు సమకాలికుడే. పక్కనున్న ఆబిడ్స్ పేరుకు రెండు వందల ఏళ్ల తరువాతి చరిత్ర ఉంది: ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆర్మీనియన్ మూలాలు గల ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆయన అక్కడ పెట్టిన దుకాణమే ఆ పేటకు గుర్తయింది. పేరు చివరి ‘స్’ నిజానికి ఇంగ్లీషువారి షష్ఠీ విభక్తి, అంటే ‘ఆబిడ్ యొక్క’ దుకాణం అన్నమాట. దుకాణం పోయినా విభక్తి మాత్రం తెలుగు, ఉర్దూ బోర్డుల మీద స్థిరంగా నిలిచిపోయింది.

రైలు విషయానికి వస్తే, హైదరాబాదుకు మొదటి పట్టాలు తూర్పు నుంచి కాక పడమటి నుంచి వచ్చాయి. బొంబాయి నుంచి రాయచూరు వైపు వెళ్లే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలుమార్గంలో వాడి అనే జంక్షను ఉంది. అక్కడి నుంచి హైదరాబాదు, సికింద్రాబాదులకు నిజాం సర్కారు ఖర్చుతో వేసిన దారి 1874లో తెరుచుకుంది. బెజవాడ దాకా రైలు వెళ్లింది 1889లో. ఈ పదిహేనేళ్ల తేడా చిన్నది కాదు. బంగాళాఖాతం కన్నా అరేబియా సముద్రమే హైదరాబాదుకు రైలులో ముందు దగ్గరైంది. పుట్టుక రీత్యా తెలుగు ఊరే అయినా, ఈ నగరం అలవాటుగా ‘సముద్రం’ అన్నప్పుడు బొంబాయి చౌపాటీని తలచుకోవడానికి కారణం ఆ పట్టాలే. అంతకు చాలా ముందే తెలంగాణ నుంచి కూలిపనికి బొంబాయి చేరినవారిని కామాఠీలనీ, వారు కాపురమున్న పేటను కామాఠీపురా అనీ పిలవడం మొదలైంది కాబట్టి, రైలు ఆ పాత కాలిబాటనే వేగవంతం చేసిందని చెప్పాలి. తూర్పు వైపు బెజవాడ దాటిన తరువాత కూడా గోదావరి అడ్డుగా నిలిచింది; కొవ్వూరు, రాజమండ్రిల మధ్య హేవ్‌లాక్ వంతెన 1900లో పూర్తయ్యాకే వాల్తేరుకు, అంటే విశాఖకు, తెగని రైలుదారి ఏర్పడింది.

ఇదే కాలంలో మరొక దారి కూడా పడింది. సికింద్రాబాదు నుంచి నిజామాబాదు, నాందేడు, ఔరంగాబాదుల మీదుగా మన్మాడుకు వెళ్లే ఆ మీటరుగేజి మార్గాన్ని హైదరాబాదు గోదావరి లోయ రైల్వే అనేవారు. మీటరుగేజి అంటే రెండు పట్టాల మధ్య ఒక మీటరు ఎడం ఉన్న సన్నదారి. 19వ శతాబ్ది ముగిసే సమయానికి పూర్తయిన ఈ మార్గాన్ని పత్తి కోసం, కరువు కాలంలో ధాన్యం తరలింపు కోసం వేశారు. కాని మన్మాడు నుంచి నాసిక్ కొద్ది గంటల ప్రయాణమే కావడంతో తెలంగాణ యాత్రికులకు ఇది పంచవటి, త్ర్యంబకం దారి అయింది. గోదావరి పుట్టిన చోటికి గోదావరి లోయ రైలులో వెళ్లడమన్నది పేరుకు తగిన యాత్రే. అదే నాసిక్ తరువాత వంద ఏళ్లకు ద్రాక్షసీమగా పేరు తెచ్చుకుంటుందని ఆ యాత్రికులు ఊహించి ఉండరు.

నాంపల్లి స్టేషను భవనం 1907 నాటిది. ఇది టర్మినస్, అంటే పట్టాలు ముందుకు సాగక అక్కడితో ముగిసిపోయే స్టేషను. బండి అక్కడే బయలుదేరుతుంది కాబట్టి ప్రయాణికుడు అరగంట ముందు వచ్చి, పెట్టెలను సీటు కిందికి తోసి, మరచెంబు నింపుకొని, సాగనంప వచ్చిన చుట్టాలతో కిటికీ కడ్డీల మీదుగా తాపీగా మాట్లాడవచ్చు. సికింద్రాబాదులో లాగా ఆగి ఉన్న కొద్ది నిమిషాల్లో ఎగబడవలసిన పని లేదు. స్టేషనుకు ఎదురుగా 1919లో ఏడవ నిజాం కట్టించిన సరాయి, ముందురోజే జిల్లాల నుంచి వచ్చి చేరిన బాటసారులకు తల దాచుకునే చోటుగా ఉండేది. థెవెనో నాటి హయత్‌నగర్ సరాయికి రైలుయుగపు తమ్ముడు అది.

ప్రయాణపు ఏర్పాటు అనే పని రైళ్లతో పాటు పుట్టిన కొత్త విద్య. బండ్ల బాటలో రేపటి మజిలీ ఎద్దుల ఓపిక మీద ఆధారపడేది. రైలు వచ్చాక అది టైంటేబులు మీద ఆధారపడింది. ఆదివారాలు ఆబిడ్స్ దుకాణాలు మూసి ఉన్నప్పుడు కాలిబాటల మీద పరిచే పాత పుస్తకాల్లో వెనకటి రైల్వే టైంటేబులు ఎప్పుడైనా ఒకటి తగులుతుంది. అలాంటి పుస్తకాన్ని తెరిస్తే, పుట నిండా నిలువు గళ్లు, ఎడమన స్టేషన్ల పేర్లు, వాటి పక్కన బయలుదేరిన చోటి నుంచి కిలోమీటర్లు, తరువాతి గళ్లలో ఒక్కొక్క బండి వచ్చే, పోయే వేళలు కనిపిస్తాయి. గడిలో అంకె లేకుండా గీత ఉంటే బండి అక్కడ ఆగదని అర్థం. ఒక కుటుంబ పెద్ద వాల్తేరు గడిలోని ఉదయపు వేళకూ, అక్కడి నుంచి కదిలే మరొక బండి వేళకూ మధ్య తేడాను వేలితో చూపించి, పిల్లల టిఫినుకు వ్యవధి చాలుతుందా లేదా అని లెక్కవేసేవాడు. ఉద్యోగులకు ప్రభుత్వం ఇచ్చే సెలవు ప్రయాణ రాయితీ, అంటే నిర్ణీత కాలంలో ఒకసారి సకుటుంబంగా చేసే ప్రయాణానికి ఛార్జీలు తిరిగి చెల్లించే సదుపాయం, నాంపల్లి చుట్టూ ఉన్న కార్యాలయాల గుమాస్తాలను సైతం ఈ లెక్కల్లో ఆరితేరినవారిని చేసింది. వెంట తీసుకుపోయే కానుకలు కూడా ఈ చుట్టుపక్కలవే: మోజంజాహీ మార్కెట్ దగ్గర 1953లో వెలసిన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా విశాఖలో, బొంబాయిలో ఎన్నో తెలుగు ఇళ్లకు హైదరాబాదు చుట్టాల రాకను చాటింది.

ఆ మోజంజాహీ మార్కెట్టే హైదరాబాదు ద్రాక్ష కథకు కూడా కేంద్రం. 1935లో రాతితో, గడియారపు గోపురంతో కట్టి, ఏడవ నిజాం రెండవ కుమారుడి పేరు పెట్టిన ఈ కట్టడం చాలాకాలం నగరానికి పండ్ల అంగడి. చలి తగ్గే రోజుల నుంచి అక్కడి గంపల్లో ‘అంగూర్’ కనిపించేది. హైదరాబాదు వీధిలో ద్రాక్ష అన్న మాట కన్నా ఆ ఉర్దూ మాటే ఎక్కువ చెల్లింది. అందులో రాజు ‘అనాబ్-ఎ-షాహీ’. అనాబ్ అంటే ద్రాక్ష, షాహీ అంటే రాజుకు తగినది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ పశ్చిమాసియా నుంచి హైదరాబాదుకు తెచ్చి నాటాడని ఉద్యానశాస్త్ర గ్రంథాలు చెప్పే ఈ రకం పండు కోలగా, బొటనవేలి కణుపంత పెద్దగా, లేత పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, లోపల గింజలతో ఉంటుంది. పక్వానికి వచ్చిన పండును వెలుగుకు ఎత్తి పట్టుకుంటే గింజల నీడ తెలుస్తుంది. 20వ శతాబ్ది నడుమ నుంచి నగరం చుట్టూ ఉన్న ఎర్రనేలల్లో, శామీర్‌పేట, మేడ్చల్, కీసర, ఘట్‌కేసర్ వైపులలో ఈ తోటలు విస్తరించాయి. ఒక తీగ ఇంత బరువు కాయగలదా అని బయటివారు అనుమానించేంత దిగుబడి ఈ రకం సొత్తు.

తోట నిర్మాణం గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఫ్రాన్సులోని ద్రాక్షతోటను బొమ్మల్లో చూసినవారికి హైదరాబాదు తోట ద్రాక్షతోటలాగే కనిపించదు. అక్కడ తీగలు నడుమెత్తు కంచెల్లా వరుసలు తీరి ఉంటాయి. ఇక్కడ పందిరి పద్ధతి. మనిషి తల కన్నా కాస్త ఎత్తుగా రాతి కడీలు పాతి, వాటి మీద ఇనుప తీగలను అడ్డంగా, నిలువుగా వలలా బిగించి, ఒక్కొక్క మొక్కను నిటారుగా పెంచి పైకి చేరాక నలుదిక్కులా పాకనిస్తారు. ఆకులన్నీ పైన, గుత్తులన్నీ కింద. మార్చిలో తోటలోకి అడుగుపెట్టినవాడు పచ్చటి కప్పు కింద, తలకు తగిలే గుత్తుల మధ్య కొంచెం వంగి నడవవలసి ఉంటుంది. తీవ్రమైన ఎండ నుంచి పండుకు ఆకే గొడుగు. నిద్రలేని తీగను రైతు కత్తెరతో నిద్రపుచ్చి, కత్తెరతోనే లేపుతాడు: కోత ముగిసిన తరువాత వేసవిలో ఒకసారి కొమ్మలను బాగా వెనక్కి కత్తిరించి కొత్త చిగుళ్లను రప్పిస్తాడు, ఆ చిగుళ్లు ముదిరాక వానలు వెనుకబట్టే అక్టోబరులో రెండవసారి కత్తిరించి పూత తెప్పిస్తాడు. కోసిన కొమ్మల చివర్ల నుంచి కొన్నాళ్లు నీటిచుక్కలు కారుతూ ఉంటాయి. రెండు కత్తిరింపులకు ఒకే పంట తీసుకోవడం ఈ పద్ధతి సారం. ఇబ్న్ బతూతా చెప్పిన రెండు కాపుల్లో ఒకదాన్ని వదులుకొని మిగిలినదాన్ని బలపరచుకున్నారన్నమాట.

ఇంత చేసినా శత్రువు ఒకటి మిగిలే ఉంటుంది. అక్టోబరు కత్తిరింపు తరువాత తుపాను వాన పడితే లేత గుత్తుల మీద, ఆకుల అడుగున తెల్లటి బూజు తేలుతుంది. దానినే బూజు తెగులు అంటారు. అనాబ్-ఎ-షాహీ దీనికి తేలికగా లొంగిపోయే రకం. దీనికి రైతు వాడే పాత మందు బోర్డో మిశ్రమం, అంటే మైలుతుత్తం, సున్నం వేరువేరుగా నీళ్లలో కలిపి, రెండింటినీ చేర్చి తయారుచేసే లేత నీలిరంగు ద్రావణం. ఆ పేరు ఫ్రాన్సులో సముద్రానికి దగ్గరగా ఉన్న ప్రసిద్ధ ద్రాక్షసీమ బోర్డోది. అక్కడి తోటల్లో మిలార్డే అనే శాస్త్రవేత్త దీని గుణాన్ని గుర్తించి 1885లో ప్రకటించాడు. బోర్డో వైన్ మేడ్చల్ రైతుకు చేరిందో లేదో గాని, బోర్డో మందు మాత్రం అతని వీపు మీది పంపులోకి చేరింది. ఈ శాస్త్రానికి కూడా నాంపల్లే చిరునామా: పబ్లిక్ గార్డెన్స్ ఆవరణలోనే ఉద్యానశాఖ ప్రధాన కార్యాలయం పనిచేస్తూ వచ్చింది, రాజేంద్రనగర్‌లో ద్రాక్షకు ప్రత్యేకంగా పరిశోధనా కేంద్రం ఏర్పడింది.

ఇన్ని తోటలుండీ హైదరాబాదు వైన్ సీమ ఎందుకు కాలేదన్నది అసలు ప్రశ్న. మొదటి కారణం పండులోనే ఉంది. వైన్‌కు పనికివచ్చే ద్రాక్ష చిన్నదిగా, తోలు దళసరిగా, బాగా తియ్యగా ఉండాలి. ఆ తీపిని బ్రిక్స్ అనే కొలతతో చెబుతారు. వంద గ్రాముల రసంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉందో సుమారుగా తెలిపే అంకె అది. వైన్ ద్రాక్షను 22 నుంచి 24 బ్రిక్స్ దగ్గర కోస్తే, అనాబ్-ఎ-షాహీ 14, 16ల దగ్గరే బుట్టకెక్కుతుంది. చక్కెర పులిసి సారా గుణం పుడుతుంది కాబట్టి తీపి తక్కువైన రసం నుంచి నిలవ ఉండే వైన్ రాదు. ఇది తినే పండు; తెలుగు ఆలంకారికులు నోట వేసుకోగానే అర్థమయ్యే కవిత్వాన్ని ద్రాక్షాపాకం అన్నప్పుడు వారి మనసులో ఉన్నది కూడా కొరికితే రసం చిమ్మే పండే గాని పీపాల్లో ఏళ్ల తరబడి మాగే మద్యం కాదు.

రెండవ కారణం తాగుడు సంప్రదాయంలోనూ, సర్కారు పద్దుల్లోనూ ఉంది. నిజాం రాజ్యంలో మద్యం మీది పన్నును ఆబ్కారీ అనేవారు. ఈత కల్లును సేంధీ అన్నారు. చెట్టుకు ఇంత అని లెక్కకట్టి వసూలు చేసే ఈ పన్ను రాజ్యానికి పెద్ద ఆధారం. చెట్టు మీద పన్ను వేయడం తెలిసిన వ్యవస్థకు తీగ మీద మద్యం పెంచాలన్న ఆలోచన అవసరం కాలేదు. ఆధునిక కాలానికి వచ్చేసరికి మాట మాత్రం మిగిలింది: నాంపల్లి, ఆబిడ్స్ వీధుల్లో ‘వైన్స్’ అన్న బోర్డు కింద విస్కీ, బ్రాందీ, బీరు అమ్ముతారు, వైన్ అడిగితే దుకాణదారు వెనక అరలో వెతకవలసి వస్తుంది. ఒక భాషలో ఒక మాట తన వస్తువును ఇంత నిశ్చింతగా వదిలిపెట్టిన సందర్భాలు అరుదు. నిజమైన ద్రాక్షమద్యానికి తెలుగు ఇళ్లలో ప్రవేశం దొరికింది మందుల అలమారులో. ఎండుద్రాక్షను మూలికలతో పులియబెట్టి చేసే ద్రాక్షారిష్టం ఆయుర్వేద ఔషధంగా చెంచాలతో కొలిచి తాగించేది కాబట్టి దానికి ఎవరూ వంక పెట్టలేదు.

పైగా 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం నాటి ఉమ్మడి రాష్ట్రమంతా వ్యాపించి, 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించడానికి దారితీసింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. సరిగ్గా ఆ సంధికాలం ముగియగానే పొరుగున ఉన్న మహారాష్ట్రలో వ్యవహారం మరో మలుపు తిరిగింది: 1999లో స్థాపితమైన సూలా వంటి సంస్థలు నాసిక్ దగ్గర వైన్ రకాల తోటలు వేయగా, 2001లో ఆ రాష్ట్రం ద్రాక్ష ఆధారిత పరిశ్రమ విధానాన్ని ప్రకటించి వైన్‌కు పన్నుల్లో వెసులుబాటు ఇచ్చింది. సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తు, శీతకాలంలో చల్లటి రాత్రులు, గంగాపూర్ జలాశయపు నీరు, నాలుగు గంటల దూరంలో ముంబై వంటి మార్కెట్టు నాసిక్‌కు కలిసివచ్చాయి. హైదరాబాదుకు మార్కెట్టు ఉంది, ఎత్తు కూడా రమారమి అంతే ఉంది. విధానం లేదు, ఆపై నేల కూడా లేకుండా పోయింది.

నేల సంగతే నిర్ణాయకమైనది. ద్రాక్షతోటకు పందిరి వేయడానికి భారీగా పెట్టుబడి కావాలి, తిరిగి రాబట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. నగరం విస్తరించి, ఆ తోటల పక్కగా అవుటర్ రింగ్ రోడ్డు పడ్డాక ఎకరం అమ్మితే వచ్చే సొమ్ముతో ఏ పంటా పోటీపడలేకపోయింది. భూగర్భజలం అడుగంటడం, బూజు తెగులు, థాంప్సన్ వంటి గింజలేని రకాల వైపు కొనేవారి మొగ్గు కూడా తమ వంతు పని చేశాయి గాని, హైదరాబాదు ద్రాక్షను వాతావరణం తరిమిందనడం సరికాదు. గజాల ధర తరిమింది. అనేక పందిళ్ల రాతి కడీలే తరువాత ప్లాట్ల హద్దురాళ్లయ్యాయి.

ఈ నేపథ్యంలో నాంపల్లి నుంచి సముద్రమూ తోటా కలిపి చూసే యాత్రకు చరిత్ర రెండు దారులు మిగిల్చింది. తూర్పు దారి 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌ది. సాయంత్రం నాంపల్లిలో ఎక్కితే సుమారు 700 కిలోమీటర్లు దాటి తెల్లవారుజామున విశాఖలో దింపే ఈ బండి, దశాబ్దాలపాటు హైదరాబాదు ఉద్యోగి కుటుంబానికి సముద్రం అన్న మాటకు మారుపేరు. అక్కడ దిగినవారు ఆ ఉదయమే కిరండూల్ ప్యాసింజరు పట్టుకొని అరకు లోయకు వెళ్లవచ్చు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాను ఓడలకు చేర్చడానికి 1960లలో వేసిన ఆ దారిలో 58 సొరంగాలున్నాయి. అరకులో పండేది ద్రాక్ష కాదు, కాఫీ. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా మిరియాల తీగలు పాకిన చెట్ల నీడన పెరుగుతుంది. తాగే వస్తువు పండే కొండ, దాని పక్కన సముద్రనగరం అన్న లెక్కలో చూస్తే తెలుగునాట ద్రాక్షసీమకు దీటైనది అదే. కొండవాళ్లు గీసే జీలుగు కల్లును కూడా లెక్కలో వేస్తే దీటు మరింత కుదురుతుంది.

పడమటి దారి మరింత పాతది, చరిత్రరీత్యా మరింత అందమైనది కూడా. నాంపల్లి నుంచి ముంబైకి వెళ్లే బండ్లు నేటికీ 1874 నాటి వాడి దారినే పట్టి, చేనేత తెలుగువారు వేలసంఖ్యలో స్థిరపడిన సోలాపూరు మీదుగా, పుణే కనుమలు దిగి సముద్రాన్ని చేరతాయి. తిరుగు ప్రయాణం అదే దారిన చేయవలసిన అవసరం లేదు. ముంబై నుంచి కసారా ఘాటు ఎక్కి, నాసిక్‌లో దిగి, గోదావరిలో స్నానమూ గంగాపూర్ పక్కన తోటలూ ముగించుకొని, మన్మాడు, ఔరంగాబాదు, నాందేడుల మీదుగా పాత గోదావరి లోయ మార్గంలో ఇల్లు చేరవచ్చు. ఆ మార్గం ఇప్పుడు బ్రాడ్‌గేజి. బయలుదేరిన చోటికే వేరొక దారిన తిరిగివచ్చే ఇలాంటి యాత్రలకు రైల్వేలో చుట్టు ప్రయాణపు టికెట్టు, అంటే సర్క్యులర్ జర్నీ టికెట్టు, ఉంది. విడివిడిగా కొన్న టికెట్లకన్నా అది చవక. తిరుగుదారిలో కిటికీలోంచి కనిపించే దౌలతాబాదు కోటకొండ కింద ఇబ్న్ బతూతా ద్రాక్ష చూశాడు, దానికి అనతిదూరంలోని ఔరంగాబాదు మీదుగానే థెవెనో గోల్కొండకు వచ్చాడు.

నాసిక్ తోటల్లో వైన్ ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది. గోల్కొండ తోటలకు థెవెనో చెప్పిన నెల కూడా జనవరే. 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషను ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటున్నది కాబట్టి, జనవరి చివరి వారంలో కోత చూడదలచినవారు నవంబరు ఆఖరుకల్లా నాంపల్లి కౌంటరు దగ్గర వరుసలో నిలబడాలి.